కుటైసి, త్స్కల్టుబో ఒకే రోజులో: ఏ టూర్ తీసుకోవాలి, దేన్ని వదిలేయాలి

ముందే చెప్పేస్తాను. జార్జియాలో సోవియట్ కాలం నాటి పాడుబడ్డ శానిటోరియంలు చూడాలనుంటే, రాజధాని టిబిలిసిలో పొద్దున బస్సెక్కి రాత్రికి తిరిగొచ్చే టూర్ వద్దు. ఒక రాత్రి కుటైసిలో ఉండండి. అక్కడి లోకల్ గైడ్‌తో పొద్దున ఆ శానిటోరియంలున్న త్స్కల్టుబో, మధ్యాహ్నం కుటైసి ఊరు చూపించే ఒక రోజు టూర్ మాట్లాడుకోండి. నేను రెండు రకాలూ చేశాను. మొదటిసారి ఈద్ సెలవులకి షార్జా నుంచి నలుగురు స్నేహితులం కలిసి వెళ్ళాం. రెండోసారి మా అక్క కూతురు కుటైసిలో మెడిసిన్‌లో చేరాక అక్కనీ బావగారినీ తీసుకుని వెళ్ళాను. చూసింది అదే ఊరు, అవే భవనాలు. మొదటిసారి ఫోన్ నిండా ఫొటోలతో వచ్చాను కానీ అక్కడ ఏం జరిగిందో ఒక్క ముక్క తెలియలేదు. రెండోసారి వచ్చాక వారం రోజులు ఆ ఊరే మనసులో తిరిగింది.

త్స్కల్టుబో అన్న పేరు పలకడం కష్టమేం కాదు, మన 'చాప'లో చ ఎలా పలుకుతామో అలా మొదలుపెడితే సగం వచ్చేసినట్టే. పేరుకి వెచ్చని నీళ్ళు అని అర్థం. కుటైసి నుంచి పది కిలోమీటర్ల లోపే. అక్కడ భూమిలోంచి రేడాన్ అనే వాయువు కలిసిన ఖనిజ జలం 33 నుంచి 35 డిగ్రీల వేడితో పైకి వస్తుంది, అంటే ఇంచుమించు మన ఒంటి వేడి. వేరే చోట నీళ్ళని కాచాలి, లేదా చల్లార్చాలి. ఇక్కడ ఆ పనే లేదు కాబట్టి ఊట నుంచి వచ్చే నీళ్ళు వచ్చినట్టే తొట్టెలోకి పారుతూ, బయటికి పోతూ ఉంటాయి. కీళ్ళ నొప్పులకి, నరాల సమస్యలకి మంచివని పేరు.

మనకి శానిటోరియం అంటే మదనపల్లె దగ్గర ఆరోగ్యవరమో, వికారాబాద్ పక్కన అనంతగిరో గుర్తొస్తాయి, క్షయ రోగుల ఆసుపత్రులు. ఇవి అలాంటివి కావు. సోవియట్ దేశంలో విశ్రాంతి అనేది కార్మికుడి హక్కు, 1936 రాజ్యాంగంలోనే రాసుకున్నారు. పనిచేసే చోట యూనియన్ వాళ్ళు పుట్యోవ్‌కా అనే చీటీ ఇస్తే, అది పట్టుకుని రెండు మూడు వారాలు ఇలాంటి చోటికి వచ్చి, డాక్టర్ రాసిన లెక్క ప్రకారం స్నానాలు, భోజనాలు, నడక, సాయంత్రం కచేరీలు. ఒక్కో పరిశ్రమకి, ఒక్కో శాఖకి సొంత శానిటోరియం ఉండేది. మెటలుర్గి ఉక్కు కార్మికులది, షఖ్తియోరి గనుల వాళ్ళది, సైన్యానిది వేరే. మన సింగరేణి వాళ్ళకొకటి, వైజాగ్ స్టీల్ వాళ్ళకొకటి పాలరాయి స్తంభాలతో, డాన్స్ హాళ్ళతో కట్టించారని ఊహించుకోండి. త్స్కల్టుబోలో అలాంటివి ఇరవై దాకా, తొమ్మిది స్నానశాలలు, మాస్కో నుంచి నేరుగా రైళ్ళు. ఊరి నక్షా కూడా అలాగే గీశారు: మధ్యలో పార్కు, పార్కులో స్నానశాలలు, చుట్టూ వలయంలా శానిటోరియంలు.

చిన్నప్పుడు మా ఇంటికి 'సోవియట్ భూమి' పత్రిక వచ్చేది. ఆ నున్నటి కాగితాలతో మా నోటు పుస్తకాలన్నిటికీ అట్టలు వేసుకునేవాళ్ళం. తెల్ల స్తంభాల భవనాలు, మెట్ల మీద నవ్వుతూ నిలబడ్డ కార్మికులు, ఆ బొమ్మలు నాకిప్పటికీ గుర్తే. మెడియా శానిటోరియం మెట్ల ముందు నిలబడగానే నాకు ముందు గుర్తొచ్చింది ఆ లెక్కల నోటు పుస్తకం అట్ట.

1991లో సోవియట్ యూనియన్ పోయింది, రైళ్ళు ఆగిపోయాయి. 1992–93లో జార్జియా నుంచి విడిపోవాలనుకున్న అబ్ఖాజియాలో యుద్ధం. అక్కడి నుంచి రెండు లక్షల మందికి పైగా జార్జియన్లు కట్టుబట్టలతో పారిపోయి వచ్చారు. వాళ్ళలో వేల మందిని తెచ్చి పెట్టింది ఈ ఖాళీ శానిటోరియంలలోనే. తాత్కాలికం అన్నారు, కొందరికి ముప్పై ఏళ్ళు అక్కడే గడిచిపోయాయి. ఈ సంగతి ఏ టూర్ చెప్తుంది, ఏది చెప్పకుండా ఫొటోలు తీయించి పంపేస్తుంది అన్నదే నా దృష్టిలో అసలు తేడా. రేటు, బండి, భోజనం అన్నీ దాని తర్వాతే.

టిబిలిసి నుంచి వెళ్ళే బస్ టూర్

టిబిలిసి నుంచి కుటైసి 230 కిలోమీటర్లు. దారిలో రికోతి కనుమ దగ్గర కొత్త సొరంగాలు, వంతెనలు వచ్చి ప్రయాణం మునుపటి కన్నా నయమే కానీ, ఎలా చూసినా పోవడానికి మూడు గంటల పైన, రావడానికి మూడు గంటల పైన. బస్సులో పదిహేను ఇరవై మంది ఉంటే టీ దగ్గర, బాత్రూమ్ దగ్గర ఆగడాలతో ఇంకో గంట. దీనికి తోడు చాలా టూర్లు దారిలో ఉంది కదా అని గోరిలో స్టాలిన్ మ్యూజియం కలుపుతాయి, ఆ పైన ప్రొమీథియస్ గుహ కలుపుతాయి. చదవడానికి చాలా బావుంటుంది, ఒకే టికెట్‌తో నాలుగైదు చోట్లు అని. మేమూ అలాగే పడిపోయాం.

మా బస్సు త్స్కల్టుబో చేరేసరికి సాయంత్రం నాలుగు దాటింది. ఒక శానిటోరియం ముందు ఆపి నలభై నిమిషాలు ఇచ్చారు. గైడ్ బస్సులోనే మైక్‌లో రెండు మాటలు చెప్పి, లోపలికి మాతో రాలేదు. మాలో ఒకమ్మాయి రెండో అంతస్తులో ఒక తలుపు తోసి చూస్తే లోపల టీవీ నడుస్తోంది, ఒక పెద్దావిడ కుర్చీలో కూర్చుని కూరగాయలు తరుగుతోంది. ఆవిడ ఏమీ అనలేదు, మావైపు చూసి మళ్ళీ తల దించుకుంది. మేం సారీ సారీ అంటూ వెనక్కి వచ్చేశాం కానీ ఆ మొహం నేను మర్చిపోలేను. ఆవిడ ఇంట్లోకి చెప్పకుండా చొరబడ్డాం. అక్కడ మనుషులు ఉంటారని మాకు ఒక్కరైనా ముందు చెప్పి ఉంటే అలా జరిగేది కాదు. డబ్బు పోయిందని కాదు, మాతో అలాంటి పని చేయించారని నాకు ఆ టూర్ మీద ఇప్పటికీ కోపం.

అయినా కొందరికి ఇదే దారి కావచ్చు, మొత్తం జార్జియాకి మూడే రోజులు, హోటల్ మార్చే ఓపిక లేదు, ఒక్కరే వెళ్తున్నారు. అలాంటప్పుడు గోరి లేని, గుహ లేని, లేదా కనీసం రెండిట్లో ఒకటే ఉన్న టూర్ చూసుకోండి. ఒంటరిగా వెళ్ళేవాళ్ళకి సీటు లెక్కన ఇదే చవక, అది నిజం. ముగ్గురు నలుగురు ఉంటే మాత్రం నాలుగు సీట్ల ధర ఒకసారి కూడి చూడండి, కుటైసిలో ఒక రోజంతా కారూ గైడూ పెట్టుకుంటే అయ్యేదానికి పెద్ద తేడా ఉండదు.

మనంతట మనమే వెళ్తే

ఖర్చు ఒక్కటే లెక్కయితే దీన్ని కొట్టేది లేదు. కుటైసిలో ఎర్ర వంతెన దగ్గర 30 నంబర్ మార్ష్రుత్కా, అంటే మన షేర్ ఆటోకి అన్నలాంటి మినీబస్సు, ఎక్కితే అరగంటలో త్స్కల్టుబో. ఛార్జీ ఒకటి రెండు లారిల మాటే, ఒక లారి మన డబ్బులో ముప్పై రూపాయల పైచిలుకు. బోల్ట్ యాప్‌లో కారు కూడా దొరుకుతుంది, నలుగురుంటే అదే సుఖం. తిరిగి వచ్చేటప్పుడు కారు రావడానికి కొంచెం ఆలస్యం అవుతుంది, చీకటి పడేదాకా ఆగకండి.

మా అక్క కూతురు, దాని క్లాస్‌మేట్స్ ఇలాగే వెళ్తారు. వాళ్ళకి ఊరు తెలుసు, కొంచెం జార్జియన్ మాటలు వచ్చు, కాపలా ఆయనతో మాట్లాడగలరు. మీకు అవేవీ లేకపోతే మూడు ఇబ్బందులు వస్తాయి. ఒకటి, ఏ భవనంలోకి వెళ్ళొచ్చో ఏదాంట్లోకి వెళ్ళకూడదో ఏ ఏటికి ఆ ఏడు మారుతోంది. ప్రభుత్వం 2022 నుంచి ఈ శానిటోరియంలని వేలం వేస్తోంది, కొన్నాళ్ళ కిందట తలుపులు తెరిచి ఉన్నవి ఇప్పుడు కంచె వేసి, సెక్యూరిటీని పెట్టి ఉండొచ్చు. నెట్‌లో పాత ఫొటో చూసి అదే కావాలని వెళ్తే గేటు దగ్గరే ఆగిపోవాలి. రెండు, ప్రమాదం. లిఫ్ట్ గుంతలకి తలుపులు లేవు, మెట్లకి చాలా చోట్ల రెయిలింగ్ లేదు, చెక్క నేల కింద పుచ్చిపోయిందో లేదో మన కంటికి తెలియదు. కుటైసి వైపు వానలు ఎక్కువ, తడిస్తే ఆ పాలరాయి సబ్బు రాసినట్టు జారుతుంది. మూడు, పక్కన చెప్పేవాళ్ళు లేకపోతే పది నిమిషాల తర్వాత అన్ని గదులూ ఒకేలా ఉంటాయి, పెచ్చులూడిన గోడ, పగిలిన అద్దం, ఇంకో పెచ్చులూడిన గోడ.

గైడ్ లేకుండా డ్రైవర్‌ని మాత్రం మాట్లాడుకునే పద్ధతి కూడా ఉంది, టూర్ వెబ్‌సైట్లలో ఇది చాలా కనిపిస్తుంది. జాగ్రత్తగా చదవండి, 'డ్రైవర్ గైడ్' అని రాసి ఉంటే చాలాసార్లు ఆయన డ్రైవరే. మంచివాళ్ళే, దారిలో పండ్లు కొనిపెట్టేంత మంచివాళ్ళు, కానీ బయట సిగరెట్ కాలుస్తూ నిలబడతారు, లోపలికి రారు. ఇంగ్లిష్ కూడా అంతంత మాత్రం. గెలాతి మఠం, గుహలు చూడటానికి ఇది చాలు. శానిటోరియంలకి చాలదు.

కుటైసి నుంచి గైడ్‌తో ఒక రోజు

రెండోసారి మేం చేసింది ఇది. మా గైడ్ నలభై ఏళ్ళు దాటిన ఆవిడ. హోటల్ దగ్గర తొమ్మిదికి ఎక్కించుకుని, మొదటి మాటే, "ఇవాళ మనం మూడు భవనాలే లోపలికి వెళ్ళి చూస్తాం, మిగతావి బయట నుంచే, సరేనా" అంది. మా బావగారికి అప్పటికి కొంచెం నిరాశ. మధ్యాహ్నానికి ఆ మూడే చాలని ఆయనే అన్నారు.

ముందు మెడియా. ఆకాశం కనిపించేలా నిలబడ్డ ఎత్తైన స్తంభాల వరస, కిందికి వెడల్పాటి మెట్లు. పెళ్ళి ఫొటోల కోసం జంటలు వస్తూనే ఉంటారు. మెడియా అంటే ఎవరో ఆవిడ అక్కడే చెప్పింది: గ్రీకు కథల్లో బంగారు ఉన్ని కోసం ఓడలో వచ్చిన జేసన్‌ని ప్రేమించిన కొల్కిస్ రాకుమారి. కొల్కిస్ అంటే ఈ నేలే. మధ్యాహ్నం కుటైసి నడిబొడ్డున కొల్కిస్ ఫౌంటెన్ దగ్గరికి తీసుకెళ్ళినప్పుడు, దాని మీద ఉన్న గుర్రాలు, పొట్టేళ్ళు ఇక్కడి తవ్వకాల్లో దొరికిన బుల్లి బంగారు నగల నమూనాలని చెప్పి, పొద్దున మెడియా గురించి చెప్పుకున్నాం కదా అని గుర్తు చేసింది. సిటీ టూర్, శానిటోరియం టూర్ వేరువేరుగా కాకుండా ఒకే మనిషితో ఒకే రోజు చూడటంలో ఉన్న లాభం ఇదే, పొద్దున విన్న ముక్క సాయంత్రానికి దాని చోట్లో కూర్చుంటుంది.

తర్వాత పార్కులో 8వ నంబర్ స్నానశాల. గుండ్రటి కట్టడం, నడినెత్తిన కప్పుకి పెద్ద రంధ్రం, ఆ వెలుతురు కిందికి దిగి నేల మీద గుండ్రంగా పడుతుంది, చుట్టూ గోడ వారగా స్నానపు తొట్లు. వాటిలో ఇప్పుడు ఆకులు, నాచు. ఆవిడ ఒక తొట్టె అంచు మీద చెయ్యి పెట్టి, పేషెంట్ ఎంతసేపు ఉండాలి, నర్సు గడియారం చూస్తూ ఎక్కడ నిలబడేది అన్నీ చూపించింది. పక్కనే నడుస్తున్న 6వ నంబర్ స్నానశాల. అది స్టాలిన్ కోసం కట్టించినది, ముందు గోడ మీద ఆయనకి జనం స్వాగతం పలుకుతున్న శిల్పం ఇంకా ఉంది, ఆయన వాడుకున్న గదిని కూడా చూపిస్తారు. సోవియట్ దేశంలో మిగతా చోట్ల స్టాలిన్ బొమ్మలు చాలావరకు తీసేశారు కాబట్టి ఇది మిగలడం అరుదే.

మూడోది మెటలుర్గి. ఇక్కడే ఆవిడ గొంతు మారింది. హాల్లో పైన ఇంకా షాండిలియర్ వేలాడుతోంది. ఇక్కడ కుటుంబాలు ఉన్నాయి, గుమ్మాల వైపు కెమెరా తిప్పొద్దు అని ముందే చెప్పింది. బాల్కనీలో ఆరేసిన బట్టలు, మేడ మీదికి పాకించిన ద్రాక్ష తీగ. ఒక గది గుమ్మం దగ్గర నేల చూపించింది, మధ్యలో సిమెంటు, గోడ అంచున మాత్రం అరచెయ్యి వెడల్పున చేపముల్లు వరసలో పేర్చిన చెక్క మిగిలి ఉంది. తొంభైల్లో కరెంటు లేదు, గ్యాస్ లేదు, చలికాలం జనం ఈ చెక్క నేలని పలక పలకగా పీకి పొయ్యిలో పెట్టుకున్నారట. "మా అమ్మ కూడా పీకింది, నేను పట్టుకుని నిలబడ్డాను, నాకు తొమ్మిదేళ్ళు" అంది. అబ్ఖాజియాలోని సుఖూమి నుంచి వచ్చిన కుటుంబం వాళ్ళది. ఇలాంటి వాళ్ళని ఇక్కడ దెవ్నిలి అంటారు, ఇల్లు వదిలి వెళ్ళగొట్టబడినవాళ్ళు అని. పద్నాలుగేళ్ళు ఒక శానిటోరియం గదిలో నలుగురు బతికారు. ఇప్పుడు చాలామందికి ప్రభుత్వం ఫ్లాట్లు ఇచ్చింది, వీళ్ళకీ వచ్చింది. మా అక్క ఏమీ మాట్లాడకుండా ఆవిడ చెయ్యి పట్టుకుంది. భాష అవసరం పడలేదు.

అందరు గైడ్లూ అక్కడ పుట్టి పెరిగినవాళ్ళే ఉంటారని చెప్పను. కానీ కుటైసిలో ఉండేవాళ్ళకి ఆ కథ తెలుసు, అక్కడి మనుషులు వాళ్ళకి తెలుసు, తలుపు దగ్గర ఆగి పలకరించి అడుగుతారు. కాపలా ఆయన చేతిలో కొన్ని లారిలు పెట్టాల్సి వస్తే ఎంత ఇవ్వాలో కూడా వాళ్ళే చూసుకుంటారు.

మధ్యాహ్నం ఊరు. కుటైసిలో తప్పకుండా చూడాల్సినవి బాగ్రతి కెథడ్రల్, గ్రీన్ బజార్. బాగ్రతి ఊరి పైన కొండ మీద ఉంటుంది. నేల పరిచిన సంవత్సరం గోడ మీద చెక్కి పెట్టారు, మన లెక్కలో 1003. 1692లో ఒట్టోమన్ సైన్యం పేల్చేసింది, మూడు వందల ఏళ్ళు కప్పు లేకుండా నిలబడింది. ఈ మధ్య స్టీలు, గాజు కలిపి మళ్ళీ కట్టారు, దాంతో యునెస్కో 2017లో దాన్ని వారసత్వ జాబితాలోంచి తీసేసింది. పొద్దున శిథిలాల్లో తిరిగి వచ్చి దీన్ని చూస్తే, ఇవాళ అమ్ముతున్న శానిటోరియంల గతి ఏమవుతుందో అన్న ప్రశ్న మీకే వస్తుంది. బాగుచేస్తే ఎలా బాగుచేయాలి, ఎంత వరకు? మా బావగారు, గైడ్ దీని మీదే అరగంట వాదించుకున్నారు.

గ్రీన్ బజార్‌కి కనీసం గంట కావాలి. మనవాళ్ళకి ఇది బాగా నచ్చుతుంది. కుప్పలుగా పసుపు రంగు పొడి అమ్ముతుంటారు, ఈ ప్రాంతం పేరు మీద ఇమెరెతి కుంకుమపువ్వు అంటారు, తీరా చూస్తే అది ఎండబెట్టి దంచిన బంతిపువ్వు. గుమ్మానికి కట్టే బంతిపూలే వాళ్ళు కూరల్లో వేస్తారు. మా అక్క చిటికెడు తీసుకుని వాసన చూసి, "నిజంగా బంతేనే, బతుకమ్మ తెల్లారి ఇల్లు ఎట్లుంటదో అట్లనే ఉంది" అంది. దాని పక్కనే మెంతులకి చుట్టమైన ఒక గింజల పొడి, పక్కన అజికా అనే ఎర్ర మిరపకాయల నూరుడు పచ్చడి. రెండు సీసాలు కొన్నాం.

గుహ కలపాలా, గెలాతి కలపాలా

ఇదే టూర్‌కి చాలామంది ప్రొమీథియస్ గుహ జత చేస్తారు, అది త్స్కల్టుబోకి దగ్గరే. లోపల కిలోమీటరున్నర దాకా నడక, బోలెడు మెట్లు, రంగు లైట్లు, ఏడాది పొడవునా 14 డిగ్రీల చలి. మన బొర్రా గుహలు చూసినవాళ్ళకి ఇది కొత్తేమీ కాదు, ఇంకా పొడవు, ఇంకా శుభ్రం, అంతే. పిల్లలు ఉంటే కలపండి, శానిటోరియంలలో వాళ్ళకి విసుగొస్తుంది, గుహలో రాదు. పెద్దవాళ్ళే అయితే గుహ వదిలేసి ఆ రెండు గంటలు గెలాతికి ఇవ్వండి.

గెలాతి 1106లో దావీదు రాజు కట్టించిన మఠం. జార్జియన్లు ఆయన్ని నిర్మాత దావీదు అంటారు. ఆయన సమాధి గుడి లోపల కాదు, పాత ద్వారం దారిలో నేలలో ఉంది, వచ్చేపోయే వాళ్ళు తన మీద అడుగు వేసి వెళ్ళాలని కోరుకున్నాడట. పెద్ద రాతి పలక, దాని మీద పాత లిపి, కాళ్ళ రాపిడికి నునుపెక్కి ఉంది. మేం పక్కనుంచే నడిచాం, కాలు పెట్టడానికి మనసొప్పలేదు. మరమ్మతుల పరంజాలు ఉండొచ్చు, అయినా గర్భగుడి పైన మొజాయిక్ కోసం వెళ్ళొచ్చు. ఆడవాళ్ళకి తలమీద కప్పుకోవడానికి చున్నీ కావాలి, మగవాళ్ళు నిక్కర్లతో వెళ్ళకూడదు.

చియాతురా అనే గనుల ఊరి కేబుల్ కార్లు, నెత్తిన చిన్న చర్చి ఉన్న కాత్స్ఖి రాతి స్తంభం, త్స్కల్టుబో మూడూ ఒకే రోజులో అని కూడా అమ్ముతున్నారు. తీసుకోకండి. చియాతురాకి విడిగా ఒక రోజు కావాలి.

బుక్ చేసే ముందు ఏం అడగాలి

మెసేజ్ పెట్టి నేరుగా అడగండి, త్స్కల్టుబోలో మొత్తం ఎన్ని గంటలు అని. మూడు గంటల కన్నా తక్కువంటే వద్దనేయండి. గైడ్ లోపలికి మాతో వస్తారా అని అడగండి. ఈ నెలలో ఏ ఏ భవనాల్లోకి వెళ్తున్నారు అని అడగండి, నిజంగా తీసుకెళ్తున్నవాళ్ళు పేర్లు చెప్పేస్తారు, చెప్పలేనివాళ్ళు 'చాలా చూపిస్తాం' అంటారు. అక్కడ ఇంకా ఉంటున్నవాళ్ళ గురించి అడిగి ఏం చెప్తారో చూడండి. నాకైతే ఆ జవాబు ఒక్కటి చాలు. టూర్ పేజీలో 'దెయ్యాల ఊరు' అని రాసుకుంటే నేను అక్కడితో ఆపేస్తాను. అది దెయ్యాల ఊరు కాదు, స్కూళ్ళున్నాయి, బేకరీలున్నాయి, పార్కులో ముసలివాళ్ళు కూర్చుని కబుర్లు చెప్పుకుంటుంటారు.

ప్రైవేటా, చిన్న గ్రూపా అంటే, ఆరుగురి లోపు గ్రూప్ అయితే రెండూ ఒకటే. పెద్దవాళ్ళు ఉంటే ప్రైవేట్ తీసుకోండి, వాళ్ళ నడకని బట్టి ఆగుతారు. మా బావగారికి మోకాళ్ళ నొప్పి. పై అంతస్తులు వదిలేశారు, కింద హాళ్ళు, మెట్ల ముఖద్వారాలు, స్నానశాలలు చూశారు, ఆయనకి లోటనిపించలేదు. అయిదారేళ్ళ పిల్లల్ని భవనాల లోపలికి తీసుకెళ్ళే విషయంలో మాత్రం నేను ఒప్పుకోను, గాజు పెంకులు, తెరిచి ఉన్న గుంతలు. ఒకరు పిల్లలతో పార్కులో ఉండండి, ఒకరు లోపలికి వెళ్ళి రండి, తర్వాత మార్చుకోండి. మందపాటి అడుగు ఉన్న బూట్లు, చిన్న టార్చ్, మంచినీళ్ళ సీసా. చెప్పులతో ఎవరూ వెళ్ళొద్దు.

ఎప్పుడు వెళ్ళాలంటే ఏప్రిల్, మే, లేదా సెప్టెంబర్ చివర, అక్టోబర్. జూలై, ఆగస్టుల్లో ఉక్కపోత, దోమలు. చలికాలం చెట్లకి ఆకులుండవు కాబట్టి భవనాలు పూర్తిగా కనిపిస్తాయి కానీ ఆరింటికే చీకటి, వాన. గల్ఫ్ నుంచి వెళ్ళేవాళ్ళు మీ రెసిడెన్స్ వీసాతో ఎంట్రీ నిబంధనలు టికెట్ కొనే ముందు ఒకసారి చూసుకోండి, ఇవి మారుతుంటాయి.

శాకాహారులకి టెన్షన్ అక్కర్లేదు. కుటైసి ఇమెరెతి ప్రాంతం, చీజ్ పెట్టి కాల్చిన ఖచాపురి రొట్టెకి పేరున్న చోటు. మట్టికుండలో వచ్చే లోబియో మన రాజ్మా కూరకి దగ్గరగా ఉంటుంది, దాంతో మ్చాది అనే మొక్కజొన్న రొట్టె ఇస్తారు. వంకాయ ముక్కల్లో వాల్‌నట్ ముద్ద పెట్టి చుట్టినది మా ఇంట్లో ఇప్పుడు నెలకోసారి చేస్తున్నాం. లోబియోలో మాంసం ముక్కలు వేసే చోట్లు ఉన్నాయి, ముందే అడగండి. చాలా టూర్లలో మధ్యాహ్నం భోజనం ధరలో కలవదు, అదీ అడగండి.

ఆఖరుగా స్నానం. 6వ నంబర్ స్నానశాలలో మీరూ దిగొచ్చు. మామూలు ఒక రోజు టూర్‌లో దీనికి టైమ్ ఉండదు, కావాలంటే టూర్ మర్నాడు పొద్దున మీరే టాక్సీలో వెళ్ళి చేసుకోండి. బీపీ, గుండె సమస్య, గర్భం ఉన్నవాళ్ళు డాక్టర్ని అడగకుండా దిగకండి. మా బావగారు అక్కడి డాక్టరమ్మకి మోకాళ్ళు చూపించి, ఆవిడ సరేనన్నాకే దిగారు. పావుగంట కాగానే నర్సు వచ్చి తలుపు కొట్టింది. బయటికొచ్చి బెంచీ మీద కూర్చుని, నీళ్ళు వేడిగా లేవు, చల్లగా లేవు, ఉన్నట్టే తెలియలేదు అన్నారు. రెండో రోజు కూడా వెళ్ళారు.